సీమ రోడ్డును పగటిపూట చూడాలి

తిరుపతిలో పుట్టి పెరిగిన మాలాంటి వాళ్ళకు రాయలసీమలో చాలా భాగం రాత్రి బస్సు కిటికీ అవతలి చీకటే. కడప, తాడిపత్రి, గుత్తి, అనంతపురం మనకు సగం నిద్రలో వినిపించే కండక్టరు కేకలు. చెన్నైకి పగలు వెళ్తాం, బెంగళూరుకు పగలు వెళ్తాం. సీమ లోపలికి మాత్రం రాత్రి ఎక్కి తెల్లవారుజామున దిగుతాం. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: అక్కడ చూడటానికి ఏముంది, రాళ్ళూ కంపచెట్లూ తప్ప.

ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. రాళ్ళు ఉన్నాయన్నది నిజం. అవి చూడదగినవి కావన్నది అబద్ధం. కోనసీమలో నేల ఎలా పుట్టిందో కంటితో చూడలేము, ఒండ్రుమట్టీ పచ్చదనమూ అంతా కప్పేస్తాయి. సీమలో వాన తక్కువ, మట్టి పలుచన, చెట్లు దూరదూరంగా ఉంటాయి. అందుకే ఇక్కడ భూమి తన వయసు దాచుకోలేదు. ఎండిన నేల కాబట్టి చూడటానికి ఏమీ లేదనడం కాదు, ఎండిన నేల కాబట్టే చూడగలుగుతున్నాం అనాలి.

మా అక్క కొడుకు అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్ళకు సెలవు దొరికితే ఎడారి రోడ్డే విహారం. విన్‌స్లో దగ్గర సుమారు 50 వేల ఏళ్ళ కిందట ఉల్క పడి ఏర్పడిన గొయ్యి ఉంది, వెడల్పు కిలోమీటరు పైనే. చెట్లు రాళ్ళయిపోయిన పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఉంది. ఉత్తరాన యూటాలో రెండు వేలకు పైగా రాతి తోరణాలున్న జాతీయ ఉద్యానం ఉంది. దారిలో పాత రూట్ 66 మీద గుడారాల ఆకారంలో కట్టిన బస గదులు, వింత బొమ్మలు కనిపిస్తాయి. మొన్న సెలవులకు వచ్చి, స్వామి దర్శనం అయ్యాక, "మామా, అక్కడ ఎడారంతా తిరిగాను, మన సీమ మాత్రం చూడలేదు" అన్నాడు. అక్కనూ ఎక్కించుకుని బయలుదేరాం.

అసలు చూడవలసిన మొదటి వింత ఊరు దాటకముందే ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ గోడలో ఒకచోట అడుగున గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా, ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీతను భూగర్భ శాస్త్రంలో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింది రాయి 200 కోట్ల ఏళ్ళకు పైబడినది. పైది సుమారు 160 కోట్ల ఏళ్ళది. ఆ మధ్య కాలానికి ఇక్కడ రాతి సాక్ష్యం లేదు. ఆ కాలమంతా నేల అరిగిపోతూ ఉంది, కొత్త పొర ఏదీ నిలవలేదు. తరువాత నీళ్ళు వచ్చాయి, ఇసుక పేరుకుంది, గట్టిపడి కొండ అయింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక కోట్లాది మంది ఈ కొండ చరియల పక్కగానే పోయారు. వాళ్ళలో ఎంతమంది తల తిప్పి చూశారు?

ఇలాంటి గీతే అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అడుగున ఉంది. 1869లో జాన్ వెస్లీ పావెల్ బృందం కొలరాడో నది వెంట పడవల్లో వెళ్ళినప్పటి నుంచి దాని గురించి రాస్తూనే ఉన్నారు. కాన్యన్ అంచున ఒక కాలిబాట వేసి, ఒక్కో మీటరుకు పది లక్షల ఏళ్ళ చొప్పున భూమి వయసంతా నేల మీద గుర్తులు పెట్టారట. పిల్లలు నడుస్తూ లెక్కపెడతారని మా వాడు చెప్పాడు.

అది విన్నప్పటి నుంచి అలిపిరి మెట్లు నా మనసులో మరోలా కనబడుతున్నాయి. మొత్తం 3,550 మెట్లు. ఒక్కో మెట్టు పది లక్షల ఏళ్ళనుకుని, ఈనాటి నుంచి వెనక్కి లెక్కపెడుతూ కింది నుంచి ఎక్కండి. మనిషి జాతి చరిత్ర మొత్తం మొదటి మెట్టులో మూడో వంతు కూడా నిండదు. రాక్షసబల్లులు అంతరించింది 66వ మెట్టు దగ్గర. ఈ కొండ మీది క్వార్ట్‌జైటు ఇసుకగా పేరుకున్నది 1,600వ మెట్టు దగ్గర. కింది గ్రానైటు వయసు రావాలంటే ఇంకా కొన్ని వందల మెట్లు ఎక్కాలి. ఆ మెట్ల మీద ఇవి రాయించమని నేను అడగడం లేదు. అవి భక్తుల మెట్లు, గోవింద నామానికే ఉండాలి. అయితే కొండ మీద శిలాతోరణం దగ్గర జనం ఎలాగూ ఆగుతారు. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న ఆ సహజ తోరణాన్ని 1980ల్లో భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. దాని ఎత్తు మూలవిరాట్టు ఎత్తుకు సమానమని భక్తుల నమ్మకం. ఆ నమ్మకం పక్కనే, ఆ తోరణం ఏ రాయో, గాలీ నీరూ దాన్ని ఎలా తొలిచాయో, కింద ఘాట్ రోడ్డులో ఏ గీత ఉందో సులువైన తెలుగులో, నాలుగో తరగతి పిల్లవాడు చదవగలిగేలా పెద్దగా రాసి పెడితే ఎవరి భక్తికీ లోటు రాదు.

కడప రోడ్డు పట్టాక మామండూరు, బాలపల్లె అడవి వస్తుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ శేషాచలం, వెలిగొండ, పాలకొండల్లోనూ చుట్టుపక్కల కొండల్లోనూ మాత్రమే పెరుగుతుంది. రైల్వే కోడూరు మామిడి తోటలు దాటగానే మంగంపేట. ఇక్కడ నేను అందరినీ ఆగమంటాను. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాల్లో ఒకటి ఈ ఊళ్ళో ఉంది. చూడటానికి బూడిదరంగు రాయి. చేతిలోకి తీసుకుంటే మాత్రం దాని బరువు నమ్మబుద్ధి కాదు. ఆ బరువు కోసమే దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వే చోటికి పంపుతారు. బావి తవ్వేటప్పుడు కింది నుంచి చమురూ వాయువూ ఎగదన్నకుండా ఈ పొడి కలిపిన బురద అదిమి పెడుతుంది. దేశదేశాల చమురు బావుల్లోకి, గల్ఫ్ ఎడారుల్లోకి కూడా, మన మంగంపేట రాయి దిగుతోంది.

కోడూరు, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి మనుషులూ అటే వెళ్తున్నారు. కువైట్ వెళ్ళినవాళ్ళు లేని వీధి ఈ ఊళ్ళలో వెతకాలి. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి. టీ కొట్టు దగ్గర ఒక పెద్దావిడ మా అక్కతో తన కూతురు అక్కడ ఉండగా మనవరాలు పదో తరగతికి వచ్చేసిందని చెప్పింది. పక్కన నిలబడి విన్న మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఎడారి అనగానే మనకు విహారం గుర్తొస్తే, ఈ రోడ్డు మీది ఇళ్ళకు వచ్చే జీతం, రాని మనిషి గుర్తొస్తారు. ఈ సంగతి తెలియకుండా ఈ దారిన పోయేవాళ్ళు దారిని సగమే చూసినట్టు.

తాళ్ళపాక దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం రోడ్డు మీదికే కనిపిస్తుంది, అందరూ ఆగుతారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ చుట్టుపక్కలే పారే చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక మేటే. ఆ ఇసుకను చూసి ఇది నదేనా అని నవ్వేవాళ్ళకు 2021 నవంబరు 19 గుర్తు చేయాలి. ఆ రోజు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్ళు తెల్లవారేసరికి కొట్టుకుపోయాయి. మెట్ట ప్రాంతపు నది స్వభావమే అంత. ఏళ్ళ తరబడి పడుకుని, ఒక్క రాత్రి లేస్తుంది. ఇక ఒంటిమిట్ట కోదండరామాలయం గురించి చెప్పనక్కరలేదు, తెలిసిందే.

గండికోట గురించి మాత్రం కాస్త గట్టిగా మాట్లాడాలి.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కోట గోడలు దాటి, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం పక్కగా నడిచి రాళ్ళెక్కి చూస్తే ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది. ఎర్రమల కొండను నిలువునా కోసుకుంటూ కింద పెన్న. లోయ వెడల్పు సుమారు మూడు వందల అడుగులు. రెండు వైపులా ఎర్రని రాతి పలకలు ఎవరో కొలత పెట్టి పేర్చినట్టు ఒకదానిపై ఒకటి. పేర్చింది ఎవరూ కాదు. సముద్రపు ఇసుక పొరలుగా పడి గట్టిపడింది, నిలువునా పగుళ్ళు వచ్చాయి, ఆ పగుళ్ళ వెంట రాయి దిమ్మలుగా విడిపోతోంది.

దీన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలుస్తారు. ఈ పోలిక మనకు మేలు చేయలేదని నా గట్టి నమ్మకం. గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర పైన లోతు. ఆ కొలతతో చూస్తే గండికోట ఎప్పటికీ చిన్నదే. పోలిక విని వచ్చినవాళ్ళు పది నిమిషాలు ఫొటోలు తీసుకుని, అమెరికాలో ఇంకా పెద్దదట అనుకుంటూ వెళ్ళిపోతారు. గండికోటకు తన సొంత గొప్పతనం ఉంది. అది మనుషులు కాపురమున్న లోయ. ఆ నిలువు చరియనే ఒక వైపు కోటగోడగా వాడుకుని, అదే ఎర్రరాయితో మిగతా గోడ కట్టి, పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి ఏలారు. ప్రకృతి కోసిన రాయి ఎక్కడ ముగిసిందో, మనిషి పేర్చిన రాయి ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల తేల్చుకోలేము. ఇలాంటి అనుభవం కోసం ఇక్కడికే రావాలి. మా వాడు గ్రాండ్ కాన్యన్‌ను బాగా ఎరిగినవాడు. వాడు కూడా ఇక్కడ దాని పేరెత్తలేదు. గుడి నీడలో కూర్చుని కిందికి చూస్తూ ఉండిపోయాడు.

ఇంకో మాట. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం ప్రచురించింది 1872లో. అప్పటి నుంచి ఈ ప్రాంతపు రాతి పొరలకు ఊళ్ళ పేర్లే స్థిరపడ్డాయి. గండికోట క్వార్ట్‌జైటు, పులివెందుల క్వార్ట్‌జైటు, వేంపల్లె పొరలు, తాడిపత్రి పొరలు, నార్జి సున్నపురాయి, మన నగరి క్వార్ట్‌జైటు. ప్రపంచంలో ఎక్కడ ఈ శాస్త్రం చదివేవాళ్ళయినా కడప బేసిన్ (ఈ పొరలన్నీ పేరుకున్న పాత పల్లపు ప్రాంతం) గురించి చదవాలంటే ఈ పేర్లు పలకాల్సిందే. జమ్మలమడుగు బడి పిల్లలకు తమ ఊళ్ళ పేర్లు ఇంత దూరం వెళ్ళాయని ఎవరైనా చెబుతున్నారా? కోట దగ్గర నేను వెతికినంత మేర ఈ ముక్క ఎక్కడా రాసి లేదు. చరియ అంచున జాగ్రత్తలు చెప్పేవాళ్ళు లేరు, పగిలిన సీసాలు మాత్రం ఉన్నాయి. మా అక్కకు శుభ్రమైన మరుగుదొడ్డి కోసం చాలా దూరం వెనక్కి నడవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు సీమ ప్రయాణం వద్దనుకోవడానికి ఎండ కంటే ఇదే పెద్ద కారణం, దీన్ని మగవాళ్ళం రాయకపోవడం వల్లనే ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు.

అక్కడి నుంచి బెలుం. పైన కొలిమిగుండ్ల చుట్టూ ఎండ, సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్ళ గనులు. కింద, ఆ సున్నపురాయిలోనే, 3,229 మీటర్ల పొడవున గుహలు. వాననీటిలోని పలుచని ఆమ్లం లక్షల ఏళ్ళు సున్నపురాయిని కరిగిస్తూ పోతే మిగిలిన దారులివి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలిచింది. 2002లో జనానికి తెరిచారు. సగం వరకే లోపలికి పోనిస్తారు, అదే ఒకటిన్నర కిలోమీటరు. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ దగ్గర, నేల మట్టానికి 46 మీటర్ల కింద, నీటి చప్పుడు వింటుంటే పైన చూసిన ఎండిన చేలు గుర్తొచ్చి మనసు అదోలా అవుతుంది. ఉక్క మాత్రం భరించాలి. మన తిరుపతి ఇళ్ళలో అమ్మమ్మల కాలం నాటి చల్లని నల్ల బండలు కూడా ఈ చుట్టుపక్కల నేల ఇచ్చినవే. మనం పుట్టిన గది గచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో చూసినట్టయింది నాకు.

తాడిపత్రి గుళ్ళ శిల్పం గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది కాబట్టి దాటుతున్నాను. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉంది. పొలాల మధ్య చిన్న గుట్ట, మీద బండలు. ఆ బండల మీద అశోకుడి శాసనాలు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనమూ ఒకేచోట ఉన్న అరుదైన స్థలం ఇది. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఇరవై రెండు వందల ఏళ్ళు దాటిన ఆ అక్షరాలు ఎండకూ గాలికీ తట్టుకుని ఇంకా కనిపిస్తున్నాయి.

వాటిలో రెండో శాసనం చెప్పేదేమిటంటే, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించామని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచామని. నేను గండికోట దగ్గర అడిగిందీ, ఇప్పుడు ఈ రోడ్డంతటికీ అడుగుతున్నదీ ఇంతకంటే ఎక్కువేమీ కాదు. బాటసారికి నీళ్ళు, నీడ, అతని భాషలో రాసిన నాలుగు మాటలు. ఈ నేల మీద రాయి మీద రాసి చెప్పడం ఆనాడే మొదలైంది. ఈ కాలంలో మనం అదే ఊళ్ళకు రోడ్లు వెడల్పు చేస్తూ పాత చింతలు, మర్రులు కొట్టేస్తున్నాం, కిలోమీటర్ల కొద్దీ ఆగి నిలబడటానికి నీడ ఉండటం లేదు.

వజ్రకరూరు దారిలో తొలకరి తరువాత పొలాల్లో తల వంచుకుని వెతికే జనం కనిపిస్తారు. లోతు నుంచి ఎగదన్నిన కింబర్లైటు రాయిలో వజ్రాలున్న నేల ఇది. వాన కడిగితే ఎప్పుడో ఒకటి బయటపడుతుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చి, చెట్ల కింద వండుకుని తిని, రోజుల తరబడి వెతుకుతారు. దీన్ని వింతగా చూపించే వార్తలు చాలా చూశాం. నాకు అక్కడ కనిపించింది అప్పులున్న ముఖాలు.

చివరికి కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్ళాం. వేదవతి నది, హగరి అని కూడా పిలుస్తారు, ఎండిపోయి ఇసుక మిగిలింది. నైరుతి గాలి మొదలైతే ఆ ఇసుక లేచి పక్క పొలాల మీద పడుతుంది. దర్గా హొన్నూరు దగ్గర అది తిన్నెలు తిన్నెలుగా పేరుకుంది. గాలి గీసిన అలలు, సాయంత్రపు ఎండలో పసుపు రంగు. ఎవరైనా రాజస్థాన్ అని చెప్పి ఫొటో చూపిస్తే నమ్ముతాం. మా వాడు ఫోను తీశాడు. అక్కడే మేకలు తోలుకుంటున్న ఒక రైతు, ఆ తిన్నె కింద తన తండ్రి వేరుశనగ పండించిన చేను ఉందని చెప్పాడు. వాడు ఫోను జేబులో పెట్టుకుని, "ఎప్పటి నుంచి అన్నా ఇలా?" అని అడిగాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇక్కడ నేనూ మా వాడూ వాదించుకున్నాం. ఎడారి అందంగానే ఉంటుంది మామా, దాన్ని చూపిస్తే ఈ ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి కదా అన్నది వాడి మాట. నా జవాబు ఇది. ఫీనిక్స్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే వాన. అనంతపురంలో సుమారు 550. జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వాన ఈ జిల్లాకేనని చెబుతారు, అయినా వాడు ఉండే ఊరికి రెట్టింపు పైనే. అరిజోనా ఎడారి సహజంగా ఎడారి, దాని చెట్టూ పురుగూ ఆ ఎండకు పుట్టినవే. ఆ నగరానికి కొలరాడో నది నీళ్ళు వందల కిలోమీటర్ల కాలువలో వస్తాయి. దర్గా హొన్నూరు అలా పుట్టిన ఎడారి కాదు. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్నా, ఆ 550 మిల్లీమీటర్లతోనే తరతరాలు కొర్ర, సజ్జ, వేరుశనగ పండించిన నేల ఎడారిగా మారుతోంది. దాన్ని తప్పక చూడాలి. అయితే వింతగా చూడకూడదు, గాయంగా చూడాలి. గాలి దారికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచితే ఇసుక నడక తగ్గుతుందని తెలిసిన విషయమే. చూడటానికి వచ్చేవాళ్ళు ఇచ్చే డబ్బు ఆ చెట్లకే పోయేటట్టయితే మా వాడి మాటకు నేను ఒప్పుకుంటాను. అలా కాక ఇసుక బండ్లూ ఒంటె సవారీలూ వస్తాయంటే ఒప్పుకోను.

తిరుగు ప్రయాణంలో కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు వెళ్ళాం. ఒకే చెట్టు, సుమారు ఐదెకరాల నీడ, వెయ్యికి పైగా ఊడలు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 1434లో భర్త చితిపై సతి అయిన తిమ్మమ్మ చోట మొలిచిందని స్థానికులు చెబుతారు. సతిని నేను ఏ రూపంలోనూ గొప్ప చేయను. కానీ ఆ చెట్టు కింద ఒక్క మధ్యాహ్నం గడిపితే, మెట్ట నేల ఎంత నీడను మోయగలదో అర్థమవుతుంది. ఊడలు నేలను తాకేలా గడల్లోంచి దింపి, మట్టి పోసి, కాపాడుతూ వచ్చినవాళ్ళ ఓపిక వల్లే అది నిలిచింది. పక్క ఊరి పిల్లలు సాయంత్రం అక్కడే ఆడుకుంటున్నారు. మా అక్క, ఈ ప్రయాణమంతటిలో తనకు నచ్చింది ఇదేనని తేల్చి చెప్పింది. నా ఓటు గండికోటకే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: వానలు వెనకబట్టాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు బయలుదేరండి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. ఇసుక కదలడం చూడాలంటే మాత్రం జూన్, జూలైల్లో గాలి ఉన్నప్పుడే వెళ్ళాలి, కళ్ళకు అద్దాలు, తలకు తువ్వాలు తప్పవు. తెల్లవారుజామునే తిరుపతి వదిలితే మంగంపేట, ఒంటిమిట్ట చూసుకుని ఎండ దిగేవేళకు గండికోట చేరతారు. గుత్తి దాటాక నీళ్ళు, తినుబండారాలు బండిలోనే ఉండాలి. ఎర్రగుడిలో దారి తప్పితే పొలాల్లో ఉన్నవాళ్ళను అడగండి, పని ఆపి మరీ బండల దాకా వచ్చి చూపిస్తారు. పిల్లలను తీసుకెళ్ళండి, వాళ్ళకు కిటికీ పక్క సీటు ఇవ్వండి.